నాగవేణి ఓటు

శుక్రవారం, బాగేపల్లి

ఈరోజు పరగోడులో నాగవేణిని కలిశాను. ఓటు సర్వే కోసం చూపు లేని ఆడవాళ్ళను చాలామందినే ఇంటర్వ్యూ చేశాను కానీ ఇంత అనుమానం ఎక్కడా కలగలేదు. ఆమెను ఏది అడిగినా వాళ్ళన్నే జవాబు చెప్పాడు.

"మా చెల్లికి ఏం తక్కువ లేదమ్మా. ఓటుగూడా నేనే పిల్చుకొనిపోయి ఏపిస్తాండాను."

ఆమె తలూపుతూ కూర్చుంది. ఈయన ఏం దాస్తున్నాడా అని నేను చూస్తున్నాను.

అతను పాలు పోయడానికి డైరీకి వెళ్ళగానే నాగవేణి నా వైపు జరిగింది.

"మాయన్న బూతు వాకిలి దాకానే వస్తాడు. లోపల మిషన్ మీద బ్రెయిలీ చుక్కలు తడిమి నేనే ఒత్తుతా. ఆయన చెప్పినోళ్ళకి ఒక్కసారీ ఏయలేదు. ఇదీ రాసేస్తారా?"

"రిపోర్టులో మీ పేరు రాయనమ్మా."

"మరి ఊరి పేరు?"

నేను జవాబు చెప్పేలోపే అతను వచ్చేశాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మేడమ్ ఏమడిగినారు నిన్ను?" అన్నాడు చెల్లితో.

"మన ఆవు ఎన్ని లీటర్లు ఇస్తాదని అడిగినారన్నా," అంది నాగవేణి వెంటనే.

అతను నమ్మాడు. నేనూ నవ్వి తలూపాను.

రూముకొచ్చి రికార్డింగు మళ్ళీ విన్నాను. నాతో ఓటు సంగతి చెప్పినప్పుడూ అన్నతో ఆవు సంగతి చెప్పినప్పుడూ ఆమె గొంతులో ఏ తేడా లేదు. ఇప్పుడు నా అనుమానం వాళ్ళన్న మీద కాదు, ఆమె మీద.