ముక్కు దగ్గరి చూపు

శుక్రవారం, గుడియాత్తం

ఈరోజు వేలూరు ఆస్పత్రిలో తెర మీద నా కంటి పటం చూశాను. కంటి ముందుపొర మందం అర మిల్లీమీటరేనట. దాన్ని లేజరుతో కొంచెం చెక్కితే అద్దాలు లేకుండానే దూరం కనిపిస్తుందట. నలభై ఆరేళ్ళుగా నేను చూసిన లోకమంతా ఇంత పల్చటి పొరలోంచే వచ్చిందా!

"ఇంకా ఎన్నాళ్ళు మోస్తావమ్మా ఈ సోడాబుడ్లు? చేయించుకో" అన్నది మా అమ్మాయి విమల.

డాక్టరమ్మ మాత్రం, "ఈ వయసులో చేసినాక దగ్గరవి చూడాలంటే అద్దాలు పెట్టుకోవాల్సొస్తాదమ్మా, ఆలోచించుకో" అన్నది.

బస్సులో వస్తూ, నేను అద్దాలు తీసి చేసే పనులు కాగితం మీద రాశాను. పదిహేడు తేలాయి.

ఇంటికి రాగానే మా ఆయన మగ్గం నుంచి దించిన లుంగీ చేతికిచ్చి, "యాడన్నా పోగు తప్పిందేమో చూడు" అన్నారు. అద్దాలు తీసి గుడ్డను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఒక్కొక్క పోగు, దాని మీది నూగుతో సహా కనిపించింది. తప్పిన పోగూ దొరికింది. ఇన్నాళ్ళూ దీన్ని లోపమనుకున్నాను.

లేజరు వద్దని రేపు విమలకు చెప్పాలి. చెప్పే ముందు ఈ లుంగీ తన చేతికిస్తాను. ఆ మంచి కళ్ళతో పోగు ఎక్కడ తప్పిందో వెతకనీ.