గాలిమర మామకు కవల తమ్ముడు

ఎల్బీనగర్,
ఆదివారం.

చిరంజీవి స్వప్నకు నీ అత్తమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ మామయ్య, సాయికుమార్ ముగ్గురం కులాసాగా ఉన్నాం. మామయ్య మోకాలు ఒక్కటే మా మాట వినడం లేదు. నువ్వు చెన్నై వెళ్ళినప్పటి నుంచి చిక్కిపోయానని సాయికుమార్ ఫోన్‌లో చెబుతున్నాడట, నమ్మకు. నిన్న కూడా మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. నువ్వు అక్కడ వేళకు తింటున్నావని, ఆ ఏసీ గదుల్లో జలుబు తెచ్చుకోకుండా ఉన్నావని అనుకుంటాను. స్టూడియోలో ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు కాబట్టి భోజనం గంటలో ఉత్తరం రాస్తున్నానన్నావు. ఈ కాలంలో ఉత్తరం రాసే కోడలు నాకు దొరికిందని పక్క వాటా ఎలీశమ్మకు చూపించి మరీ చెప్పుకున్నాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. "గాలిమర ముఠా" పుస్తకాల మీద టీవీలో వచ్చిన మూడు సీరియళ్ళూ చూసి ఏది బాగుందో చెప్పమన్నావు. గాలిమర మామకు కవల తమ్ముడు ఉన్నది వాటిలో దేనిలోనో కనిపెట్టమన్నావు. మామయ్య పాత కేసెట్లలో ఆఖరి సోమవారం ఎపిసోడ్ ఉందేమో వెతకమన్నావు. వరసగా చెబుతాను. పేజీలు దాటేసి చివరికి వెళ్ళకు, నీకు ఆ అలవాటుంది.

సాయికుమార్ మూడింటినీ టీవీలో పెట్టి ఇచ్చాడు. వారం రోజులుగా మధ్యాహ్నాలు నేనూ ఎలీశమ్మా వాటి ముందే. ఇంగ్లీషు రాని ఇద్దరు ముసలివాళ్ళు ఏం చూసి ఉంటారని నవ్వుకుంటావేమో. బొమ్మ చూసి కథ పట్టుకోవడం నాకు కొత్త కాదు. అదెలాగో కాస్త ఆగితే తెలుస్తుంది. కథ మూడింటిలోనూ ఒకటే. ఎక్కడో చలిదేశంలో సముద్రం ఒడ్డున పాతబడిన గాలిమర, అందులో పిండి ఆడించే మామ, అతని దగ్గర పెరిగే తల్లిలేని పిల్ల, ఊళ్ళో ఆ పిల్ల స్నేహితులు ముగ్గురు, ఒక గాడిద. గాలిమరలో ఎవరో దొంగసరుకు దాస్తుంటే పిల్లలు జాడ పట్టుకుంటారు.

మొదటిది యాభై ఏళ్ళ నాటిది. రంగులు వెలిసిపోయాయి. పిల్లల స్వెట్టర్లు మోచేతుల దగ్గర చిరిగి ఉంటాయి, పడే వాన నిజం వానే. ఎవరికీ తొందర లేదు. గాడిద మొండికేసి కూర్చుంటే అది లేచేదాకా కెమెరా కూడా అక్కడే ఉంటుంది.

"గీ పిల్లలకు ఇంట్ల పెద్దోళ్ళు లేరా అక్కా? పొద్దుగాల పోతే పొద్దుగూకినంక ఒస్తున్నరు. ఏడికి పోయిండ్రని అడిగేటోళ్ళే లేరు" అంది ఎలీశమ్మ.

"చిన్నప్పుడు మనల్ని ఎవరడిగిండ్రు?" అన్నాను. 

రెండోది ఒక పదిహేనేళ్ళ కిందటిది. పిల్లలు ఉతికి ఇస్త్రీ చేసినట్టుంటారు. ప్రతివాడి చేతిలో ఫోను, పది నిమిషాలకొకసారి ఎవరో ఒక తల్లి నుంచి కాల్. గాలిమరకు తెల్లసున్నం వేసి పక్కన కాఫీ హోటల్ పెట్టారు. భయపడాల్సిన చోట భయం వేయదు, నవ్వాల్సిన చోట వెనకాల ఎవరో నవ్వుతుంటారు. ఎలీశమ్మ రెండో ఎపిసోడ్‌కే నిద్రపోయింది.

మూడోది, ఇప్పుడు నువ్వు తెలుగు మాటలు రాస్తున్నది, కరెంటు బిల్లు కట్టని ఇల్లులా ఉంది. ఎవరు ఎవరో తెలియాలంటే టీవీకి మొహం ఆనించాలి. కానీ మామను మాత్రం వీళ్ళే బాగా పట్టుకున్నారు. అతను దొంగే, అయినా ఆ పిల్లకు రొట్టె కోసి పెట్టేటప్పుడు పెద్ద ముక్క తన వైపు నుంచి ఆమె వైపు జరుపుతాడు. అది మొదటి రెండింటిలో లేదు.

ఒకే సన్నివేశాన్ని ముగ్గురూ ఎలా తీశారో చూడాలని నాకు ఆసక్తి పుట్టింది. పిండి రాలిన నేల మీద పిల్లకు ఎవరిదో కొత్త అడుగుజాడ కనిపించే చోటు ఉంది కదా, అది పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పించాను. మొదటిదాంట్లో పిల్ల చెప్పు విడిచి, ఆ అడుగు పక్కన తన పాదం పెట్టి చూసుకుంటుంది. అంతే, ఒక్క మాట ఉండదు. రెండోదాంట్లో ఫోన్‌తో ఫోటో తీసి అందరికీ పంపుతుంది. మూడోదాంట్లో ఆమె చూడకముందే డప్పుల మోత మొదలవుతుంది, ఏదో కనిపించబోతోందని మనకు ముందే తెలిసిపోతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే నా ఓటు మొదటిదానికి, మామ వరకు మూడోదానికి. నీకు పనికొచ్చే మాట ఒకటుంది. వాళ్ళు ఊరుకున్న చోట నువ్వూ ఊరుకో. ఖాళీగా ఉంది కదా అని మాటలు కుక్కకు. నేను ఆ తప్పు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఇక కవల తమ్ముడు. మూడింటిలోనూ లేడు. పుస్తకాల్లోనూ లేడని నువ్వే రాశావు. "మరి నాకెందుకు అంత గట్టిగా గుర్తున్నాడు అత్తమ్మా, చిన్నప్పుడు తెలుగులో చూశాను, పిల్ల పేరు పిచ్చుక, గాడిద పేరు లైన్‌మన్, మామకు కవల తమ్ముడు" అని అడిగావు. నీకు సరిగ్గానే గుర్తుంది. ఆ తమ్ముణ్ణి పుట్టించింది నేను.

ఇప్పుడు నింపాదిగా చదువు. తొంభై ఆరు వేసవిలో మీ మామయ్యకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కేబుల్ ఉండేదని నీకు తెలుసు. ఎదుటి కేబుల్ వాళ్ళు పిల్లల సినిమాలు వేస్తున్నారని మన కనెక్షన్లు ఒక్కొక్కటే పోతున్నాయి. మామయ్య ఎక్కడినుంచో ఈ పాత సీరియల్ కేసెట్లు పదమూడు తెచ్చారు. తీరా చూస్తే ఇంగ్లీషు. మొదటి సోమవారం సాయంత్రం వేస్తే పది నిమిషాల్లో పిల్లలు గేటు ముందుకొచ్చి, "అంకుల్, ఏం సమజైతలేదు" అన్నారు. రెండో సోమవారం మామయ్య వినాయక చవితి మైకు తెచ్చి సౌండు మిక్సర్‌కు తగిలించి, కేసెట్ గొంతు తగ్గించి, "టెన్త్ పాసైనవు గద, నువ్వే జెప్పు" అని నన్ను కూర్చోబెట్టారు. పిల్ల, మామ, ముగ్గురు స్నేహితులు, గాడిద, అందరి గొంతులూ నావే. ముందుగా చూసుకునే తీరిక కూడా ఉండేది కాదు. బొమ్మ ఎలా కదిలితే అలా మాట్లాడేదాన్ని. భార్య చేత మాట్లాడిస్తున్నాడని ఎదుటివాళ్ళు వెక్కిరిస్తారని మామయ్య అందరికీ "కేసెట్లనే అట్ల ఒచ్చింది" అని చెప్పారు. మీ ఆయన సాయికుమార్ అప్పుడు గురుకులం హాస్టల్లో ఉండేవాడు. సెలవులకు వచ్చినా క్రికెట్ తప్ప ఇల్లు పట్టేవాడు కాదు.

మామ మూటలు మోస్తూ కనిపిస్తే కష్టజీవి అనుకున్నాను. నాలుగు వారాలు అతనితో నీతులు చెప్పించాను. ఐదో వారం అతనే దొంగసరుకు దించుతూ దొరికాడు. మైకు చేతిలో ఉంది, వాడకట్టంతా వింటోంది, ఏం చేయను? "వీడు మా మామ కాదు, మామ తమ్ముడు, అచ్చం గట్లనే ఉంటడు" అనిపించాను పిచ్చుక చేత. ఇక అక్కడినుంచి మామ మంచి చేస్తే మామ, చెడు చేస్తే తమ్ముడు. గాడిదకు లైన్‌మన్ అని పెట్టింది మన లైన్‌మన్ ఏనాడూ పిలవగానే రాలేదన్న కోపంతో.

పాత తెలుగు సీరియల్ ఒకటుంది, ఆ పేర్లే ఉంచుదాం అని నువ్వు మీ స్టూడియో గంగాధరరావు గారితో అన్నావట. రుజువు వచ్చే శుక్రవారంలోపు చూపించకపోతే, ఇంకెవరిదో ఎత్తుకొచ్చావని పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారట. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన చోటు అది. కేసెట్ ఉండదమ్మా. నా మాట తీగలో పోయింది, ఎక్కడా రికార్డు కాలేదు. అందుకని, ఆ పేర్లు నేను పెట్టినవేనని, నా కోడలు వాడుకోవచ్చని వేరే కాగితం మీద రాసి సంతకం చేసి దీనితో జతపరిచాను. మామయ్య సాక్షి సంతకం చేశారు. రేపు దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి కొరియర్‌లో వేస్తే బుధవారానికి నీకు అందాలి. నమ్మకపోతే ఆయన చేత నాకు ఫోన్ చేయించు, లైన్‌మన్ గొంతుతో సహా వినిపిస్తాను.

ఇక మూడోది. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఆఖరి ఎపిసోడ్‌లో ఆ పిల్లను ఎవరో దూరపు బంధువులు వచ్చి తీసుకుపోతారు. స్నేహితులు రోడ్డు మీద నిలబడి ఉంటారు. మాటల్లేవు, గాలి ఒక్కటే. పిల్లను ఒక్క మాటైనా లేకుండా గడప దాటించడం నాకు చేతకాలేదు. మన ఇళ్ళల్లో ఎవరైనా తిరిగి వచ్చే మాట చెప్పకుండా కదులుతారా? అందుకని ఆమె చేత, "మళ్ల సోమారం ఒస్త, లైన్‌మన్‌కు గడ్డి ఎయ్యుండ్రి" అనిపించాను. ఆ పిల్ల వచ్చే ఎపిసోడ్ లేదని నాకు తెలుసు. అయినా అనిపించాను.

తర్వాతి సోమవారం ముప్పై నలభై మంది పిల్లలు గేటు దగ్గరికొచ్చారు. మామయ్య కోప్పడ్డారు, నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం, ప్రయాణం చేసొచ్చిన బ్యాగుతో ఒకావిడ వచ్చింది. ఊళ్ళో పెళ్ళికి పోవడం వల్ల బిడ్డ నిన్నటిది చూడలేకపోయిందని, మళ్ళీ ఒక్కసారి వేస్తారా అని అడిగింది. అలాంటి ఎపిసోడే లేదని చెబితే, సోమవారం వస్తానన్న మాట ఇచ్చింది ఎవరో కూడా చెప్పాలి. సిగ్గేసింది. "నిన్ననే ఏసినం, కేసెట్ వాపస్ పోయింది" అన్నాను. ఆవిడ నా మొహం వంక కాసేపు చూసి, సరేనమ్మా అని వెళ్ళిపోయింది.

నువ్వు రాశావు చూడు, "సూర్యాపేట పెళ్ళికని లాక్కుపోయి అమ్మ నా పిచ్చుకను పోగొట్టింది, బస్సు దిగి నేరుగా కేబుల్ ఆఫీసుకు పోతే నిన్ననే వేసేశామన్నారట, ఇప్పటికీ మాటొస్తే దెప్పుతాను" అని. మీ సందులో మిగతావాళ్ళందరూ ఎదుటి కేబుల్‌కు మారారు కాబట్టి నీకు నిజం చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు.  పన్నెండేళ్ళుగా పండక్కీ పబ్బానికీ మీ అమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని తిన్నాం, ఆవిడే ఈవిడని నేను పోల్చుకోలేదు.

మొన్న శుక్రవారం బస్సెక్కి హయత్‌నగర్ పోయాను. మీ అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

"నాకు గప్పుడే ఎరుక వదినా. పిల్ల టీవీ జూస్తుంటే నేను వంటింట్లకెల్లి ఇంటుంటి. మీరు నోరు తెరవంగనే గా పిచ్చుక గొంతని సమజైంది. మీ మొఖం జూస్తే ఏం ఎయ్యలేదని గూడ సమజైంది" అంది.

"మరి బిడ్డకు ఎందుకు చెప్పలేదు వదినా? ముప్పై ఏళ్ళు మాట పడితివి గదా."

"ఎట్ల జెప్పాలె? పిచ్చుక ఇగ రాదని జెప్తే ఎన్ని రోజులు ఏడుస్తదో. నా మీద అలిగితే రెండు రోజులల్ల పోతదనుకున్న. గది పోలే, ఏం జేస్త" అని నవ్వింది. తర్వాత గిన్నె పక్కన పెట్టి, "పెండ్లిచూపులల్ల మీ గొంతు ఇని మళ్ల పోల్చుకున్న. పోనీలే, పిచ్చుక ఇంటికే పంపిస్తున్న గద అనుకున్న" అంది.

నేనూ పక్కన కూర్చున్నాను స్వప్నా. ఇద్దరం ఆ చిక్కుడుకాయలన్నీ పూర్తి చేశాం. నీకు ఈ సంగతి తను చెప్పనంది, నన్నూ చెప్పొద్దంది. నేను ఒప్పుకోలేదు. గాలిమర మామకు తమ్ముణ్ణి ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. ఈ ఉత్తరం చదివిన రోజు సాయంత్రం, ఫోన్ చేతికివ్వగానే ముందు మీ అమ్మకు చెయ్యి, మాకు తర్వాత.

ఇట్లు,
ఆశీస్సులతో నీ అత్తమ్మ,
అరుణమ్మ.