సంచికి తొడిగిన నల్లగుడ్డ

మెడికల్ సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
ఆరోగ్యధాత్రి ట్రస్టు ఆసుపత్రి, మదనపల్లె.

అయ్యా,

విషయం: స్టాఫ్ నర్సు రోజా గారిపై నేనిచ్చిన ఫిర్యాదును వెనక్కు తీసుకొనుట, ఆమెకిచ్చిన మెమో రద్దు చేయుమని కోరుట గురించి.

సోమల మండలాఫీసులో రికార్డు అసిస్టెంటుగా పనిచేయుచున్న మారప్ప అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా భార్య గంగులమ్మకు తమ ఆసుపత్రిలో పేగు ఆపరేషను జరిగినది. పిమ్మట నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదని, నరం ద్వారానే ఆహారం ఎక్కించవలెనని డాక్టరు గారు నిర్ణయించినారు. కడుపు మీది గాయం మానుటకు విటమిన్ల మందు, జింకు మందు దినమూ ఆ ఆహారపు సంచిలో కలిపేవారు. ఇరవై రెండు దినములైనా గాయం మానలేదు. కట్టు విప్పితే నాలుగు వేళ్ళు పట్టేంత సందు అట్లే ఉండేది.

2. రోజా గారు మధ్యాహ్నం మందులు కలిపి, సంచికి నల్లగుడ్డ తొడిగి, చల్లదనం పోవడానికి మంచం పక్క బల్ల మీద కొంతసేపు ఉంచి, తర్వాత ఎక్కించేవారు. ఆ తొడుగు ఆమె తన పాత గొడుగు గుడ్డతో కుట్టినది. "దీన్ని తీయొద్దప్పా" అని నాకు చెప్పినారు. ఎందుకని నేను అడగలేదు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో పైవాళ్ళు వద్దన్నదానికి కారణం అడిగే అలవాటు నాకు లేకపోయినది.

3. "మందు కలిపినదీ లేనిదీ కనబడకుండా నల్లగుడ్డ కప్పుచున్నారు, అందువల్లనే గాయం మానుట లేదు" అని తమకు రాసినది నేనే. ఊళ్ళో పదిమందికి అర్జీలు రాసిపెట్టిన చేయి కనుక అది బాగా కుదిరినది. తమరు రోజా గారికి మెమో ఇచ్చి కుప్పం బ్రాంచికి పంపినారు.

4. వాస్తవం ఇది. మా వైపు కడుపు కోసిన మనిషికి చల్లనిది ఇవ్వరు, నీళ్ళు సైతం కాచే ఇస్తారు. ఆ సంచి ఫ్రిజ్జులోనుంచి వచ్చేది. "నరంలో సలి పాకతాండాదయ్యా" అని గంగులమ్మ అన్నది. కాబట్టి రోజా గారు అటు పోగానే తొడుగు తీసి సంచిని కిటికీలో ఎండకు పెట్టేవాణ్ణి. ఆమె వచ్చేలోగా మళ్ళీ తొడిగేవాణ్ణి. ఒక్క దినమూ తప్పలేదు.

5. రోజా గారు పోయిన మరుసటి దినం, కొత్త నర్సు నందిని గారు కిటికీలో సంచిని చూసినారు. "యాల పెట్టినావప్పా ఎండకు? ఎలుతురు తగిలితే విటమిన్లు సచ్చిపోతాయి. దానికే గదా నల్లగుడ్డ" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు. గాయం మానకపోవడానికి అదొక్కటే కారణమని చెప్పలేమని డాక్టరు గారన్నారు. కాదని మాత్రం అనలేదు.

6. పోయిన నెల పదకొండో తేదీన, గాయం చీము పట్టి, గంగులమ్మ చనిపోయినది.

7. కర్మాంతరాలు అయినాక పుంగనూరులో బస్సు మారి కుప్పం పోయి, ఉన్నది ఉన్నట్టు రోజా గారికి చెప్పుకున్నాను. తిట్టి పంపుతారనుకున్నాను. "ఆ గుడ్డ యాలనో నేను సెప్పింటే నువ్వు తీసుండవు గదప్పా" అన్నారు. టీ తెప్పించినారు. తాగి వచ్చినాను.

కావున తమరు దయతలచి రోజా గారి మెమో రద్దు చేసి, తప్పు నాదేనని ఆమె ఫైలులో రాయించవలెను. అట్లే, నల్లగుడ్డ ఎందుకు తొడుగుతారో వార్డు గోడ మీద తెలుగులో రాయించినచో, నాబోటివాడు ఇంకొకడు చదువుకుంటాడు. ఈ అర్జీని తమరు స్వయంగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మారప్ప, సోమల.

తా.క.: తొడుగు నా సంచిలోనే ఇంటికి వచ్చినది. ఉతికి, జతపరచుచున్నాను. ఎండకు పెట్టిన ఆహారం ఎక్కించినప్పుడల్లా గంగులమ్మ "ఈ పొద్దు ఎచ్చగా ఉండాదయ్యా" అని నా చేయి పట్టుకొని నిద్రపోయేది. ఈ మాట రికార్డులో చేర్చనక్కర లేదు.