సముద్రానికి నల్ల బూట్లు

ఇస్నాపూర్,
మంగళవారం

నా తిండిబోతు తమ్ముడు వంశీకి,

నువ్వు ముత్తంగి గోదాంలో నైట్ డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి నేను కాజీపల్లి బస్సులో ఉంటాను. ఫోన్‌లో వాయిస్ పెడితే సగం విని ఆపేస్తావు. అందుకే ఎప్పటిలాగే అన్నం గిన్నె కింద కాగితం పెడుతున్నాను. తినాలంటే చదవక తప్పదు.

నీ బ్యాంకాక్ ప్రయాణం గురించి రాస్తున్నాను. ఏడాదంతా నాగా పెట్టకుండా పనిచేసిన నలుగురు పోరగాళ్లను గోదాం వాళ్లు సొంత ఖర్చుతో విహారానికి పంపుతున్నారని చెప్పావు. పండక్కి స్వీటు డబ్బా ఇవ్వడానికే ఏడ్చే మనుషులు విమానం ఎక్కిస్తారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. "నీకు అందరి మీద డౌటే అక్కా, దేవుని మీద గూడ డౌటే" అని నవ్వావు. నవ్వితే నవ్వు. మన ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు చూడాలని ఎంత ఉందో ఎవరికీ చెప్పలేదు. కనీసం నువ్వైనా చూసి రా అని నోరు మూసుకున్నాను.

కానీ అక్కడ మోసపోయి వస్తే మాత్రం ఊరుకోను. డ్యూటీ అయ్యాక కూర్చుని వీడియోలన్నీ చూశాను. గుడి ముందు ఒకడు నిలబడి, ఇవాళ గుడి మూసేశారు, ఇంకో మంచి చోటు చూపిస్తా రమ్మంటాడట. వాడు తీసుకుపోయేది రంగురాళ్ల దుకాణానికి. గుడి తెరిచే ఉంటుంది. గేటు దాకా పోయి నీ కళ్లతో చూసుకో. టాక్సీ ఎక్కితే మీటరు వేయమను, వేయనంటే దిగు. నీళ్ల మీద నడిపే స్కూటర్ ఎక్కాలనిపిస్తే ముందు దాని చుట్టూ తిరిగి వీడియో తీయి, లేకపోతే పాత గీతలన్నీ నీ మీద రుద్దుతారు. ఎంత తియ్యగా అడిగినా పాస్‌పోర్ట్ ఎవడి దగ్గరా తాకట్టు పెట్టకు. దాని ఫొటో నాకు పంపు. వేరేవాళ్ల పొట్లం నీ బ్యాగులో పెట్టుకోకు, మామిడి తొక్కు అని చెప్పినా సరే. పరాయి దేశంలో తెలుగులో పలకరించినవాడిని ఇంకా ఎక్కువ అనుమానించు.

బ్యాగు నేనే సర్దాను. మందుల డబ్బాలను అట్టపెట్టెల్లో సర్దడమే నా నౌకరి, నువ్వు చేయి పెట్టి చెడగొట్టకు. అక్కడ ఉక్కపోత, పైగా వాన. అందుకే పల్చటి నూలు చొక్కాలు చుట్టలు చుట్టి పెట్టాను. జీన్స్ తడిస్తే ఆరదు, ఒకటి చాలు. బరువైనవి చక్రాల వైపు ఉన్నాయి. జ్వరం గోళీలు డాక్టరు చీటీతో సహా పెట్టాను, స్ట్రిప్పులోంచి తీసి విడిగా పెట్టుకోకు. దోమల మందు పక్క జేబులో ఉంది. తడి బట్టలకు వేరే కవరు పెట్టాను. వచ్చాక అన్నీ కలిపి వాసన కొట్టించావంటే నువ్వే ఉతుక్కో.

ఎవర్నీ నమ్మని నీ అక్క,
రేఖ


ఇస్నాపూర్,
శుక్రవారం

తమ్మీ,

ఇది తిన్నాక చదువు. తింటూ చదివితే ముద్ద దిగదు.

నిన్న నాకు వీక్లీ ఆఫ్ కదా. నువ్వు బయటికి పోయావు. మీ టికెట్లు తీసే సునీల్‌కుమార్, మెయిన్ రోడ్డు మీద జిరాక్సు దుకాణం వాడు, చేతిలో పెద్ద కవరుతో వచ్చాడు.

"చెల్లె, వంశీ బ్యాగు జెర సూడాలె" అన్నాడు.

"తొడుక్కునేది మావోడు గదన్నా, నీకెందుకు?"

"ఎయిర్‌పోర్ట్‌ల ఆఫీసర్లు తెరుస్తరు. టూరిస్టు లెక్క కనపడాలె."

"టూరిస్టే గద. మళ్ల లెక్క కనపడుడేంది?"

"నీతోని పరేషానే" అని నవ్వి, నేను సర్దినవన్నీ మంచం మీద కుప్ప పోశాడు. కవర్లోంచి తెల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు, నల్ల బూట్లు తీసి అడుగున పేర్చాడు. పైన పూల చొక్కా, ఈత నిక్కరు, ధర చీటీ కూడా తెంపని టోపీ పెట్టాడు. ఆఖరికి సన్‌క్రీమ్ డబ్బా అందరికీ కనపడేలా నిలబెట్టాడు.

"నల్ల బూట్లు ఏసుకొని సముద్రంల దుంకుతరా?" అని అడిగాను.

"సాయంత్రం పార్టీలుంటయ్ చెల్లె. నీకు తెల్వదు" అని జిప్ వేసేశాడు.

నాకు తెలుసు. మా కంపెనీకి తనిఖీ వాళ్లు వచ్చే రోజున సూపర్‌వైజర్ ముందు వరుసలో మంచి పెట్టెలు పెట్టిస్తాడు. లేబుళ్లు నిటారుగా, టేపు మీద ఒక్క ముడత లేకుండా. వెనక వరుసల్లో ఏమున్నాయో సర్దినవాళ్లకే తెలుసు. నీ బ్యాగు చూడగానే నాకు ఆ ముందు వరుసే గుర్తొచ్చింది. అది పోయేవాడి కోసం సర్దిన బ్యాగు కాదు, చూసేవాడి కోసం సర్దింది.

నిన్ను తిప్పడానికి తీసుకుపోవడం లేదు తమ్మీ. వార్తల్లో ఎన్నిసార్లు చూడలేదు మనం? టూరిస్టు వీసా మీద దింపుతారు. బార్డరు దాటించి పాస్‌పోర్ట్ గుంజుకుంటారు. బిల్డింగులో వేసి తాళం పెట్టి, ఫోన్లు చేయించి జనాన్ని ముంచమంటారు. చేయనంటే కొడతారు. గుడి ముందు నిలబడేవాడు బ్యాంకాక్‌లో ఉంటాడనుకుని నీకు జాగ్రత్తలు రాశాను. వాడు ఇస్నాపూర్‌లోనే ఉన్నాడు.

నీ పాస్‌పోర్ట్ నేను తీశాను. నా దగ్గరే ఉంది, తిట్టుకో. మిగిలిన ముగ్గురికి కూడా చెప్పు, పక్క గది సందీప్‌కు ముందు చెప్పు. వాడు నువ్వేం చెప్తే అది నమ్ముతాడు. నీ మీద నాకు కోపం లేదు. నేను అనుమానించని మనిషివి నువ్వొక్కడివే.

నీ అక్క,
రేఖ


ఇస్నాపూర్,
ఆదివారం

వంశీ,

నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి సందీప్ వాళ్లమ్మ ఇందిరమ్మ కోవా పట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది.

"నీ తమ్ముడు సల్లగుండాలె బిడ్డా. మా సందీప్‌గానికి ఫారిన్ల నౌకరి పెట్టిస్తుండు" అంది.

"నౌకరా? గోదామోళ్లు తిప్పి తీస్కొస్తరన్నరు గద పెద్దమ్మా."

"గది మందికి చెప్పెతందుకు. వంశీనే వచ్చి దగ్గరుండి బ్యాగు సర్దిండు. పైన పూల అంగీ, కింద బూట్లు. ఆ ఇద్దరు పోరగాండ్లను గూడ ఆయ్ననే ఒప్పిచ్చిండు. గోదాంల సందీప్‌గానికి రోజూ తిట్లేనాయె, ఇగ వాని బతుకు మారుతదని వంశీ నాకు మాటిచ్చిండు."

ఆమె కోవా నా నోట్లో పెట్టింది. నేను మింగలేదు, ఉమ్మలేదు. నువ్వు డ్యూటీకి బయల్దేరావని నీ కోసం బస్‌స్టాప్‌కు వచ్చాను. అక్కడ నువ్వు అన్న మాటలు నువ్వు మర్చిపోతావేమో, రాసి పెడుతున్నాను.

"పాస్‌పోర్ట్ ఇయ్యి అక్కా. నాకేం గాదు. ముగ్గుర్ని తోల్కపోతె అక్కడ నన్ను సూపర్‌వైజర్ను చేస్తరు. ఫోన్లు చేసుడు, దెబ్బలు తినుడు వాళ్ల పని."

"గా సంగతి వాళ్లకు తెల్సా?"

"తెలిస్తె వస్తరా?"

"నీకెప్పటి సంది తెల్సు?"

వచ్చే బస్సు నంబరు చదువుతున్నట్టు అటు తిరిగావు.

మోసపోయి ఉంటే నా కోపం వేరేలా ఉండేది. మోసపోయినవాడికి నాలుగు తిట్టి అన్నం పెడతాను. నువ్వు అంతా తెలిసి పక్క గదివాడి బ్యాగు సర్దావు. వాళ్లమ్మ చేతి చాయ్ తాగుతూ సర్దావు. నా తమ్ముడు ఎవరి వలలో పడతాడోనని నేను లోకమంతా వెతికాను. నా గదిలో నా చాప మీద పడుకున్నవాడి వైపు మాత్రం చూడలేదు.

పొద్దున నువ్వు గదికి రాలేదు, నేను డ్యూటీకి పోలేదు. ఆ ముగ్గురినీ ఇందిరమ్మ గదిలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. "అబద్ధమక్కా, వంశన్న అట్ల చెయ్యడు" అన్నాడు సందీప్. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నీ నోటితో నువ్వు అన్నవన్నీ మళ్లీ చెప్పాను. ఇందిరమ్మ లేచి కొడుకు పాస్‌పోర్ట్ తీసి కొంగున కట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి పటాన్‌చెరు పోలీసు స్టేషన్‌కు పోయాను. సునీల్‌కుమార్ పేరు చెప్పాను. తర్వాత నీ పేరు చెప్పాను. రాసుకుంటున్న మేడం తల ఎత్తకుండానే అడిగింది:

"ఈ వంశీ నీకేమైతడు?"

"తమ్ముడు మేడం."

ఆమె పెన్ను ఆపి నా మొహం చూసింది. "మంచిగ ఆలోచన చేసినవా అమ్మా?"

"రాయండి మేడం" అన్నాను.

నీ పాస్‌పోర్ట్ కూడా అక్కడే ఇచ్చేశాను. ఇగ నువ్వు పోలేవు, వాళ్లూ పోరు. సునీల్‌కుమార్ ఎక్కడెక్కడి పోరగాళ్లను పంపాడో నీకు తెలిసే ఉంటుంది. నీ అంతట నువ్వు వచ్చి చెప్తే మేలు అన్నది మేడం. ఇప్పటికే పోయినవాళ్ల అక్కలు కూడా ఎక్కడో ఉంటారు కదా.

పప్పు, అన్నం పొయ్యి మీద ఉన్నాయి. తిని, మొహం కడుక్కుని స్టేషన్‌కు రా. బయట బల్ల మీద కూర్చుని ఉంటాను. ఇందిరమ్మ కూడా వస్తానంది, నేనే వద్దన్నాను. లోపలికి పోయేటప్పుడు నేను నీ పక్కనే ఉంటాను. ఏం రాయాలో మాత్రం నువ్వే చెప్పాలి.

అక్క