రాతి మీద తిరునామం

రోజ్ బెల్,
1951 జూన్ 9

నాయనకు,

మంగమ్మ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. "ఓం కూడా మన దేవుడిదే కదమ్మా, సర్కారుతో తగువెందుకు, ఒప్పుకో" అని రాశారు. ఒప్పుకోలేదు. నిన్న పోర్ట్ లూయీలో సైన్యం ఆఫీసుకు వెళ్లి ఆ మాట వాళ్లకే చెప్పి వచ్చాను.

జరిగింది ఇది. యుద్ధంలో, సైన్యానికి కూలిపని చేసే పయొనీరు దళంలో చనిపోయినవాళ్ల సమాధుల మీద చెక్క గుర్తులు తీసేసి రాళ్లు పాతుతున్నారు. రాతి మీద క్రైస్తవులకు శిలువ, ముస్లింలకు అరబీ వాక్యం, హిందువులకు నాగరి లిపిలో ఓం చెక్కుతారు. ఇంకేదీ కుదరదు. మీ అల్లుడికి తిరునామం కావాలని నేను కాగితం మీద గీసి ఇచ్చాను. గుమాస్తా మార్సెల్ దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"కి సా, మదామ్? ఏన్ ఫుర్సెత్?"

ఇదేంటి, ముళ్ల చెంచానా, అని. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

"నీకు ఆకలేస్తున్నట్టుంది, మిస్యే. మేం దాన్ని నుదుట పెట్టుకుంటాం, నోట్లో కాదు" అన్నాను. అతనూ నవ్వాడు. కానీ పని కాలేదు. నెలాఖరులోగా నేను ఒప్పుకోకపోయినా వాళ్లే ఓం చెక్కేస్తారట.

ఓం మీద నాకు కోపం లేదు. ఆయన ఆ లిపి చదవలేదు, ఆ గుర్తు పెట్టుకోలేదు. పొద్దున్నే నామం పెట్టుకుని చెరుకు తోటకు వెళ్లిన మనిషి. లెస్కాలియేలో భజన నడిపించే మీరే ఓం చాలంటే, ఈ సంగతి తేల్చే కెప్టెను దొర ఎదుట నేనేం మాట్లాడను?

మీ కూతురు
మంగమ్మ


రోజ్ బెల్,
1951 అక్టోబరు 20

నాయనకు,

గెలిచాం. ముందు అది చదవండి, మిగతాది తరువాత.

మీకు ఇన్నేళ్లూ చెప్పనిది ఒకటుంది. ఆయన దళం లారీ బోల్తాపడి కాలిపోయిన రోజు నేను ఆయన ముఖం చూశాననే మీరు అనుకుంటున్నారు. చూడలేదు. చూడొద్దన్నారు. దుప్పటి కింద నుంచి కుడి చెయ్యి ఒక్కటే బయటికి తీశారు. ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది, తిరునామం. దాన్ని చూసే "మా ఆయనే" అన్నాను. ఆ ఒక్క మాట మీదే ఆయన్ని ఆయన పేరుతో పాతిపెట్టారు. మీరు అడిగినప్పుడల్లా "ముఖం ప్రశాంతంగా ఉంది" అని అబద్ధం చెప్పాను. మీరు తట్టుకోలేరనిపించింది.

జూన్ చివర్లో కెప్టెను ఎదుట నిలబడి ఈ సంగతంతా చెప్పాను. "అయ్యా, పోయిన మనిషెవరో తేల్చుకోవడానికి ఈ గుర్తు మీ సైన్యానికి చాలింది. ఆయన రాతికి మాత్రం చాలదా?" అని అడిగాను. మార్సెల్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. కెప్టెను అప్పటికప్పుడే చెక్కడం ఆపించి, లండనుకు రాశాడు.

నిన్న జవాబు వచ్చింది. తిరునామం చెక్కుతారు. ఆయనకే కాదు, అడిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ. మార్సెల్ నాకు కొత్త కాగితం ఇచ్చి, "సా ఫ్వా-లా, గ్రాం-గ్రాం, మదామ్" అన్నాడు. ఈసారి పెద్దదిగా గీయమని. గీశాను.

నవంబరులో రాయి నిలబెడతారు. సైనికులు బూరా ఊదుతారట. మనం గోవింద కొట్టడానికి అనుమతి అడగాలా?

మంగమ్మ


లెస్కాలియే,
1951 అక్టోబరు 27

అమ్మా మంగా,

నీ ఉత్తరం గుడిలో అందరికీ చదివి వినిపించాను. ముఖం సంగతి మాత్రం చదవలేదు. అది నీకూ నాకూ మధ్య ఉంటుంది.

ఓం చాలన్నది నేను. ఓడిపోయాను, తల్లీ. నువ్వు రాసింది వినగానే అప్పలస్వామి లేచి, దళంలోనే పోయిన తన తమ్ముడి రాతికీ నామమే అన్నాడు. అతని వెనక ఇంకో రెండిళ్లవాళ్లు వచ్చారు. ముగ్గురికీ అర్జీలు నేనే రాసిచ్చాను.

అనుమతి అడగొద్దు. అడిగితే ఏది కుదురుతుందో, ఏది కుదరదో మళ్లీ మొదలుపెడతారు. బస్సు నిండా వస్తున్నాం, తాళాలు, మృదంగంతో సహా. బూరా వాళ్లది, కానివ్వు. అది ఆగాక గోవింద మనది.

మీ నాయన
రామానుజం