పరీక్షకు ముందెవరు?

అక్కా,

నిన్ను తీసుకుపోయిన ఆ గర్భసంచి మూతి క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్ష చేయడానికి నిన్న మన బడికి డాక్టరమ్మ వచ్చింది. నీ బిడ్డ స్వరూప మాత్రం ఇంట్లోంచి కదలలేదు. అత్తకన్నా ముందు కోడలు పోతే మర్యాద కాదట. అత్త ఎల్లమ్మేమో, "గీ వయసుల నాకేం పరీక్షలే, సిగ్గులేదా?" అని నన్నే తిట్టింది.

ఏటా బోనాలప్పుడు ముందెవరు నడవాలని ఎల్లమ్మ, ఆమె తోడికోడలు బాలమ్మ కొట్లాడుకుంటారు కదా. అందుకే ఎల్లమ్మ చెవిలో ఊదాను: "బాలమ్మ వదిన అప్పుడే పోయి ముందల కూసున్నది వదినా. ఇగ పెద్దరికం ఆమెదే."

ఎల్లమ్మ కోడలి రెక్క పట్టుకుని ఉరికింది. ఇంట్లో పల్లికాయలు ఒలుస్తున్న బాలమ్మకూ అదే మంత్రం వేశాను. ఒడిలో పొట్టుతోనే వచ్చిందామె. బడి ముందు ఇద్దరూ ఒక్కటై, "ఓసి దొంగదానా!" అని నన్ను తరిమారు.

వచ్చినందుకు ముగ్గురూ చూపించుకున్నారు. స్వరూపకు గర్భసంచి మూతి మీద చిన్న మచ్చ కనిపించింది. క్యాన్సర్ కాకముందే దొరికిందనీ, చిన్న చికిత్సతో పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది.

"గింతేనా చిన్నమ్మా? అమ్మకు గూడ..." అని స్వరూప ఆగిపోయింది.

"గింతే బిడ్డా" అన్నాను.

నేనూ చూపించుకున్నానక్కా. నువ్వుంటే జుట్టు పట్టుకునైనా నిన్నే అందరికన్నా ముందు లోపలికి నెట్టేదాన్ని.