నల్లపెట్ట కింద గుడ్లు

మే 4
తమ్ముణ్ణి తాగుడు మాన్పించే సెంటర్ నుంచి ఇంటికి తీసుకొచ్చాం. సంచి ఒక్కటే. నున్నగా గడ్డం గీసుకున్నాడు, బాగా చిక్కిపోయాడు. ఆటోలో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

ఆయన చెప్పాల్సింది గుమ్మంలో నిలబడే చెప్పేశారు. వెనక గది నీది, తిండికి లోటు ఉండదు, కానీ ఒక్కసారి వాసన వచ్చిందా, నీ సంచి గేటు బయట ఉంటుంది. తమ్ముడు సరే బావా అన్నాడు. నేను వంటింట్లో ఉండి విన్నాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మే 6
పెరట్లో కోళ్లను తమ్ముడికి అప్పజెప్పాం. ఐదు పెట్టలు. ఇన్నాళ్లూ అవి ఆయన సరదా. కానీ లిఫ్టులు రిపేరు చేసి ఏ పొద్దుపోయాకో వచ్చే మనిషికి గూడు కడిగే తీరికెక్కడిది?

ఆయనకు ఎర్రపెట్ట అంటే ప్రాణం. దానికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టారు. ఆయన బూట్ల వెనకే తిరుగుతుంది. గింజలు చల్లితే ముందు అది తినాలి, తర్వాతే ఎవరైనా. అందరికన్నా కింద నల్లపెట్ట. దాన్ని అన్నీ పొడుస్తాయి, అది ఎవరినీ పొడవదు. తమ్ముడు రెండు రోజుల్లో ఈ వరస అంతా కనిపెట్టేశాడు. భోజనాల దగ్గర చెబుతుంటే ఆయన నవ్వారు. మా ఆఫీసు కూడా అంతేరా అన్నారు. నాకు ముద్ద దిగింది.

మే 9
నల్లపెట్ట పొదుగుకు కూర్చుంది. పెట్టెలోంచి లేవదు. చెయ్యి దగ్గరికి పోనిస్తే ఈకలన్నీ ఉబ్బించి బుసకొడుతోంది. నా మణికట్టు మీద పొడిచింది. ఇన్నాళ్లూ అందరిచేతా దెబ్బలు తిన్నది ఇదేనా అనిపించింది.

కాలనీలో కూత గోల అని మేం పుంజుని పెంచం. కాబట్టి అది కూర్చున్నవి ఉత్త గుడ్లు, పిల్లలు రావు. చన్నీళ్ల బకెట్లో ముంచితే దిగొస్తుందట కదా అన్నాను. తమ్ముడు వద్దన్నాడు. మాన్పించాలంటే అడుగున తీగ ఉన్న బోనులో పెడితే పొట్టకి గాలి తగిలి నాలుగు రోజుల్లో చల్లబడుతుందట. లేదా అసలైన గుడ్లు పెట్టి కూర్చోనివ్వాలట. పెడదామా బావా అని అడిగాడు. వచ్చాక వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఆయన సరే అన్నారు.

మే 10
తమ్ముడితో వడ్రంగం చేసిన స్నేహితుడు టవల్లో చుట్టి ఎనిమిది గుడ్లు తెచ్చిచ్చాడు. వాళ్లింట్లో పుంజుంది. ఒక్కోదాని మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు తమ్ముడు. వెలుగు తగ్గాక ఉత్త గుడ్లు తీసేసి వీటిని పెట్టాం. నల్లపెట్ట ముక్కుతో ఒక్కొక్కటే పొట్ట కిందికి లాక్కుంది. మూడు వారాలు.

మే 17
స్టోర్‌రూమ్ తలుపు మూసి, గుడ్డు వెనక టార్చి పెట్టి చూపించాడు. లోపల ఎర్రటి దారాల్లా నరాలు. మధ్యలో ఒక చుక్క కదిలింది. ఒకటి ఖాళీ, తీసేశాం. ఏడు బాగున్నాయి. ఆయన ఇంకోసారి చూపించరా అన్నారు.

మే 19
ఆరే ఉన్నాయి.

మే 20
ఐదు. పెంకు ముక్క కూడా లేదు. గడ్డి మాత్రం కాస్త తడిగా ఉంది. తమ్ముడు గూడు చుట్టూ చేత్తో తడిమి చూశాడు. కన్నం లేదు.

మే 21
ఆయన గది తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించి అడిగారు. ఎలుకయితే పెంకు వదలదా? పాము దూరే సందెక్కడుంది? రోజూ పెట్టే గుడ్లు కూడా వీడొచ్చాకే తగ్గాయి, లెక్క చూసుకో అన్నారు. వీధి చివర కొట్టువాడు గుడ్లు తీసుకుంటాడని, ఆ కొట్టు పక్కన ఏముందో నాకూ తెలుసని.

"పోనీ నువ్వే చెప్పు, కాళ్లొచ్చి నడిచెళ్లాయా?"

వాడు అలాంటి పని చెయ్యడు అనాలి. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. అమ్మ నాకిచ్చిన కుట్టుమిషన్ మాయమైనప్పుడు కూడా వాడు ఇలాగే నా కళ్లలోకి చూసి, నాకేం తెలీదక్కా అన్నాడు. గుడ్ల సంగతి అడిగితే ఇప్పుడూ అలాగే చూస్తున్నాడు. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా వాడి మొహం ఒకేలా ఉంటే నేనేం చెయ్యను?

మే 22
వాడు పెరట్లో ఉన్నప్పుడు వాడి సంచి వెతికాను. రెండు చొక్కాలు, మాత్రలు, కొలతల టేపు, సెంటర్ వాళ్లిచ్చిన కాగితాలు. మంచినీళ్ల సీసా మూత తీసి వాసన చూశాను. నీళ్లే. మూత పెట్టి తిరిగేసరికి గుమ్మంలో వాడు. చేతిలో కోళ్ల నీళ్ల గిన్నె.

"అడిగుంటే నేనే బోర్లించి చూపించేవాణ్ణి కదక్కా."

అంతే. అరవలేదు. అరిచినా బాగుండేది. నీళ్ల గిన్నె జాగ్రత్తగా కింద పెట్టి వెళ్లిపోయాడు. రాత్రి అన్నానికి రాలేదు. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు.

మే 23, పొద్దున
గది ఖాళీ. సంచి ఉంది, మనిషి లేడు. ఫోన్ స్విచాఫ్. కోళ్లకి నీళ్లు పోసి ఉన్నాయి. గూడు ఊడ్చి ఉంది. ఆయన డ్యూటీకి వెళ్లారు. నేను డెంటల్ క్లినిక్‌కి ఫోన్ చేసి ఇవాళ రిసెప్షన్‌లో కూర్చోలేనని చెప్పాను. ఎందుకు అంటే ఒంట్లో బాగాలేదన్నాను. అబద్ధమేమీ కాదు.

మే 23, మధ్యాహ్నం
చూశాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

వాడు వస్తాడేమోనని వెనక మెట్టు మీద కూర్చున్నాను. నల్లపెట్ట పెట్టెలోంచి లేచింది. రోజుకోసారి తిండికీ, నీళ్లకీ, దుమ్ములో పొర్లడానికీ లేస్తుంది. అది అటు వెళ్లిందో లేదో, సూపర్‌వైజర్ తల అటూ ఇటూ తిప్పి నింపాదిగా పెట్టెలోకి దూరింది. టక్ టక్‌మని చప్పుడు. నేను వెళ్లేసరికి ఒక గుడ్డు పగిలింది. లోపల కళ్లు, ముక్కు, ఇంకా ఈకలు రాని చిన్న శరీరం. దాన్ని ఎత్తుకుని సూపర్‌వైజర్ బయటికి పరిగెత్తింది. మిగతా మూడూ వెంటబడ్డాయి. పెంకు కూడా మిగల్చలేదు. తిరిగొచ్చిన నల్లపెట్ట మాత్రం ఏమీ జరగనట్టు మిగిలినవాటి మీద సర్దుకుని కూర్చుంది.

నాలుగు గుడ్లు. తమ్ముడి ఫోన్ ఇంకా స్విచాఫే.

మే 23, సాయంత్రం
ఆయన నమ్మలేదు. సూపర్‌వైజరా, అది నా చేతిలో తినే కోడి అన్నారు. నేను వంటింట్లోంచి ఒక గుడ్డు తెచ్చి దాని ముందు పెట్టాను. రెండే పోట్లు. సొన తాగి, పెంకు మింగి, ముక్కు ఆయన బూటుకే రాసి తుడుచుకుంది. రోజూ గుడ్లు తగ్గిందీ దీనివల్లే. దాన్ని గంప కింద మూసేశాను.

ఆయన ఆ బూటు నేలకేసి రాసి తుడుచుకున్నారు. తర్వాత బండి తాళాలు తీసుకుని వెతకడానికి వెళ్లారు.

మే 24
రాలేదు. ఆయన ఆ స్నేహితుడింటికీ, బస్టాండుకీ, సెంటర్‌కీ వెళ్లొచ్చారు. ఇంకో చోటికి కూడా వెళ్లానన్నారు. ఎక్కడికని అడగలేదు.

మే 25
నాలుగింటికి గేటు చప్పుడైంది. వాడు. వాడికన్నా ముందు వాసన వచ్చింది. చొక్కాకి మట్టి, ఒక చెప్పు లేదు. గేటు లోపలికి అడుగు పెట్టకుండా, ఊచ పట్టుకుని నిలబడ్డాడు. నా సంచి ఇచ్చెయ్యక్కా వెళ్లిపోతా అన్నాడు.

ఆయన నా వెనకనుంచి వచ్చారు. నేను ఆయన మొహం చూడలేదు, నాకు ధైర్యం లేదు. నేరుగా గేటు దగ్గరికి వెళ్లి వాడి చంక కింద చెయ్యి వేశారు.

"పద, లోపలికి."

"వాసన బావా…"

"నాకు జలుబు చేసిందిరా. ఏ వాసనా తెలీట్లేదు. పద."

వాడు గేటు దగ్గరే కూలబడి ఏడ్చాడు. ఆయన కూడా పక్కనే కూర్చున్నారు. వీధిలో జనం చూశారు. చూడనీ.

మే 27
తమ్ముడికి ఒళ్లంతా వణుకు. సెంటర్ డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. ఆయన సెలవు పెట్టి నల్లపెట్ట కూర్చున్న పెట్టె చుట్టూ ఇనుప తీగ కట్టారు. లిఫ్టులు బాగు చేసే మనిషికి చిన్న తలుపు బిగించడానికి పూటంతా పట్టింది.

భోజనాల దగ్గర సూపర్‌వైజర్ మాట వచ్చింది. ఆయనకి అది ప్రాణం కదా, కడుపు మండి ఉన్నారు. "రుచి మరిగింది. ఇక మానదు. కోసెయ్యడమే" అన్నారు. అని, ఆగిపోయారు. చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది. నేను నీళ్లు పొయ్యబోతే గ్లాసు అంచు తగిలి ఒలికాయి.

తమ్ముడు తలెత్తలేదు. గుడ్డుకి చిన్న చిల్లు పెట్టి సొన తీసేసి, ఆవాల ముద్ద, కారం కూరి పెడితే కొన్ని మానతాయి బావా అన్నాడు. "అన్నీ కాదు. కొన్ని. కొన్నాళ్లు చూద్దాం."

"చూద్దాంరా" అన్నారు ఆయన.

మే 28
తమ్ముడికి క్షమించమని చెప్పాను. విననట్టు నీళ్ల గిన్నె కడుగుతున్నాడు. మళ్లీ చెప్పాను. విన్నానక్కా అన్నాడు.

మే 29
కారం గుడ్డుని సూపర్‌వైజర్ పొడిచింది. తల విదిలించుకుంటూ పెరడంతా తిరిగింది. సాయంత్రం ఇంకోటి పెట్టాం. దాన్నీ పొడిచింది. తమ్ముడు మూడోది తయారు చేశాడు. చేతులు వణుకుతుంటే ఆయన గుడ్డు పట్టుకున్నారు, వీడు కూరాడు.

మే 30
ఇవాళ ముట్టలేదు.

మే 31, ఉదయం
మూడు పిల్లలు. నాలుగో గుడ్డు లోపల్నుంచి కిచకిచ వినిపిస్తోంది, నల్లపెట్ట సన్నగా బదులిస్తోంది. ఆయనా తమ్ముడూ తీగకి ఇవతల నేల మీద బోర్లా పడుకున్నారు. నేను టీ పట్టుకుని రెండడుగులు వేశాను. కదలొద్దని ఇద్దరూ ఒకేసారి చెయ్యి ఎత్తారు.